గుట్ట ఫోటోలో కూర్చున్న మనిషి

నేను కరీంనగర్‌లో ఒక చిన్న ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. పెళ్లైన కొత్తలో చేరిన పని, ఇప్పటికీ అదే. "ఊపిరి బిగవట్టు... కదలకు... ఆఁ, ఇడువు" అని పొద్దంతా అంటూనే ఉంటాను. మా ఆయనది నేతపని చేసే ఇల్లు. మీసాలు రాకముందు నుంచే మరమగ్గాల మీద నిలబడి నిలబడి ఎడమ భుజం కాస్త కిందికి జారింది. తర్వాత ఆ పని మానేసి, పాత వ్యాను ఒకటి కొని, తువ్వాళ్లు, లుంగీలు, దుప్పట్లు వేసుకుని వారపు అంగళ్లు తిరుగుతున్నాడు. పిల్లలిద్దరూ హైదరాబాద్‌లో చదువుకుంటున్నారు. ఇంట్లో మేమిద్దరమే.

ఆసుపత్రిలోకి కంప్యూటరు ఎక్స్‌రే వచ్చాక ఫిల్ముతో పని అయిపోయింది. చీకటిగదిలో సీలు కూడా తీయని ఫిల్ము డబ్బాలు మిగిలిపోయాయి. వాటిని పడేయమన్నారు డాక్టరుగారు. నాకు చేతులు రాలేదు. "నేను తీస్కపోనా సార్?" అన్నాను. "తీస్కపోయి ఏం జేస్తవమ్మా?" అని నవ్వారు. ఏం చేస్తానో నాకూ తెలియదు. ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చాను.

మా ఆసుపత్రి ఎదురుగా ఒక ముసలాయన స్టుడియో ఉండేది. అందరూ ఆయన్ని చాచా అంటారు. ఇప్పుడు ఆ గదిలో ఆయన కొడుకు సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్నాడు. చాచా రోజంతా దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. ఒకరోజు ఛాతీ ఎక్స్‌రేకి వచ్చినప్పుడు నేను ఫిల్ములు ఇంటికి తీసుకుపోయిన సంగతి ఎవరో చెప్పారట. మర్నాడు కొడుకుతో ఒక పెద్ద మూట మోయించుకుని మా ఇంటికే వచ్చాడు. మూటలో చెక్క కెమెరా. విప్పితే ముందుకు సాగే తోలు తిత్తి, ఇత్తడి చట్రంలో లెన్సు, వెనక గరుకు గాజు, దానితోపాటు మూడుకాళ్ల చెక్క స్టాండు, కప్పుకోవడానికి నల్లగుడ్డ.

"నీ తాన ఫిల్ముంది బేటీ, నా తాన డబ్బా ఉంది," అన్నాడు. "రెండూ ఊకెనే పడున్నయి."

"నేను ఎవరిని తియ్యాలె చాచా?"

"ఎవర్నీ తియ్యకు. దీనికి బటన్ లేదు. మూత తీసి లెక్కవెట్టాలె, మళ్ల మూత వెట్టాలె. గంతసేపు మనుషులు ఆగరు. నా జిందగీ అంత మనుషులను 'కదలకు కదలకు' అనుడే అయింది. నువ్వు కదలని దాన్ని తియ్యి."

కదలనిది అంటే నాకు తట్టింది గుట్టలే. మా ఆయనకు ఖానాపూర్ అంగడి ఉంది. సెలవు దొరికినప్పుడు తోడుగా వెళ్లేదాన్ని. ఆ దారిలో, ఊరు ఇంకొంచెం దూరం ఉందనగా, రోడ్డుకు ఎడమవైపు ఒక గుట్ట వస్తుంది. దానికి పేరుందో లేదో తెలియదు. రోడ్డు నుంచి చూస్తే మామూలు గుట్టే. కొంచెం లోపలికి నడిస్తే మాత్రం సగానికి ఎవరో నరికినట్టు నిటారుగా తెగిపోయి ఉంటుంది. పొరలు పొరలుగా ఎర్రరాయి, నిలువునా పగుళ్లు, కింద ఇల్లంత బండలు, వాటి మధ్య ఎండాకాలం ఎండిపోయే వాగు. వాగుకు ఈవలి ఒడ్డున ఒక సమతలపు బండ మీద స్టాండు నిలబెడితే గుట్ట మొత్తం ఎదురుగా నిలుస్తుంది.

మా ఆయన తెల్లవారుతుండగా నన్ను అక్కడ దించి అంగడికి పోయేవాడు. మధ్యాహ్నం తిరుగుదారిలో ఎక్కించుకునేవాడు. "నీకేమన్న పిచ్చి లేసిందా?" అని మొదట్లో అడిగాడు. తర్వాత అడగడం మానేశాడు. కెమెరా మాత్రం తనే మోసుకొచ్చి బండ మీద పెట్టి వెళ్లేవాడు. ఎందుకు తీస్తున్నావని చుట్టాలు అడిగేవాళ్లు. నల్లగుడ్డ కప్పుకుని చూస్తే గరుకు గాజు మీద ఆ గుట్ట తలకిందులుగా కనిపిస్తుంది. ఆకాశం కింద, వాగు పైన. మసకమసకగా, తడిసిన బట్ట మీద బొమ్మలాగా. అది చూస్తుంటే గంటలు ఎలా పోతాయో తెలియదు. ఇది జవాబు కాదు కదా.

నేను చెప్పబోయేది ఎండలు మొదలైన రోజుల్లో తీసిన ఒక ఫోటో గురించి.

ఆరోజు కూడా ఎప్పటిలాగే దించి వెళ్లాడు. గుట్ట మొహం మీదికి మధ్యాహ్నందాకా ఎండ రాదు. నీడలో ఉంటేనే పగుళ్లు బాగా వస్తాయని చాచా చెప్పాడు. గుడ్డ కప్పుకుని, ఎప్పటిలాగే గంటలకొద్దీ గాజునే చూస్తూ ఉండి, చివరికి నడిమి పగులు మీద దృష్టి సరిచేసుకుని, లెన్సు రంధ్రం బాగా చిన్నది చేశాను. అలా చేస్తే గుట్ట అంతా స్పష్టంగా వస్తుంది కానీ గాజు మీద ఇక ఏమీ కనబడదు, అంతా చీకటే. లెన్సుకు మూత పెట్టి, ఫిల్ము ఉన్న పలుచటి పెట్టెను వెనక దూర్చి, గుడ్డ కప్పుకునే ఒక చేయి బయటికి చాచి మూత తీసి, నెమ్మదిగా లెక్కపెట్టాను. ఎక్కడో మేకల మెడగంటలు వినిపించాయి. గాలి లేదు. మూత పెట్టాను. అంతే.

మధ్యాహ్నం మా ఆయన వచ్చాడు. "అయిందా?" అన్నాడు. "అయింది," అన్నాను. దారిలో ఒకచోట వ్యాను ఆపి ప్యాంటుకు అంటుకున్న ముళ్లు పీక్కుంటూ కూర్చున్నాడు. అంగట్లో ముళ్లెక్కడివి అని అప్పుడు నాకు తోచలేదు.

మా స్నానాలగదే నా చీకటిగది. ఎర్రబల్బు వేసుకుంటే చాలు, ఈ ఫిల్ముకు ఎరుపు కనబడదు. మంచి సౌకర్యమే కానీ దాంతో ఒక చిక్కుంది. ఎర్రగా ఉన్నదేదైనా ఈ ఫిల్ముతో తీసిన ఫోటోలో నల్లగానే వస్తుంది. ఎర్రరాయి, ఎర్రమట్టి, ఎర్ర చీర అన్నీ నలుపే. ఆ గుట్టను నేను తీసిన ప్రతిసారీ బొగ్గుగుట్టలాగా వచ్చేది.

ఫిల్ము ఆరాక లైటుపెట్టె మీద పెట్టాను. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు చూసే పెట్టే, పాతబడితే ఇంటికి తెచ్చుకున్నాను. ఎక్స్‌రే చూసినట్టే చూడటం నాకు అలవాటు. ఒక మూల నుంచి మొదలుపెట్టి, ఏమీ వదలకుండా. ఎడమవైపు కింద, వాగుకు కొంచెం పైన, రెండు పొరల మధ్య అరుగులాంటి అంచు మీద ఏదో ఉంది. చాచా ఇచ్చిన భూతద్దం పెట్టాను.

మనిషి. కూర్చుని ఉన్నాడు. ఒక మోకాలు పైకి లేపి, తల కొంచెం వంచి, అంచున.

చీమంత బొమ్మ. ముఖం ఏమీ తెలియదు. కానీ ఎడమ భుజం కిందికి జారి ఉంది. ఆ భుజాన్ని నేను ఎక్స్‌రే తీశాను, దానికి నూనె రాశాను, పాతికేళ్లుగా ఇంట్లో అటూ ఇటూ తిరగడం చూశాను. ఇంకెవరిదో అనుకోవడానికి నాకు వీల్లేకపోయింది.

ఆ సమయానికి ఆయన ఖానాపూర్ అంగట్లో ఉండాలి.

భూతద్దం తీసి మళ్లీ పెట్టాను. ఫిల్మును తిరగేసి చూశాను. వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగి వచ్చి మళ్లీ చూశాను. ఉన్నాడు. అంచున ఒంటరిగా కూర్చున్న మనిషిని చూస్తే మనసు మంచివైపు పోదు. వ్యాపారం నడవడం లేదా? ఒంట్లో ఏదైనా ఉండి నాకు చెప్పడం లేదా? ఎవరినైనా కలవడానికి వచ్చాడా? అక్కడ కలవడానికి ఎవరున్నారు, కోతులు తప్ప? కలవడానికే వస్తే నా కెమెరా ఎదురుగానే వస్తాడా? ఒక్కొక్కటీ అనుకుని ఒక్కొక్కటీ కొట్టేసుకున్నాను. ఏదీ నిలవలేదు.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ అడిగాను. "మొన్న అంగడి ఎట్ల నడ్సింది?"

"మంచిగనే నడ్సింది."

"పొద్దున్నుంచి ఆడనే ఉన్నవా?"

"ఇంకేడుంట?" అని నా మొహం చూడకుండా పచ్చడి కలుపుకున్నాడు.

తర్వాత రెండు మూడు రోజులు ఆసుపత్రిలో కూడా నా మనసు మనసులో లేదు. ఒకాయనను ఊపిరి బిగపట్టమని చెప్పి, వదలమనడం మరిచిపోయాను. పాపం, ఎర్రబడిన మొహంతో అలాగే నిలబడ్డాడు. ఇక లాభం లేదని ఫిల్మును కవరులో పెట్టుకుని చాచా దగ్గరికి వెళ్లాను. ఆయన కొడుకు దాన్ని సెల్‌ఫోనుతో తీసి, నలుపు తెలుపు తిరగేసి, కాగితం మీద పెద్దది చేసి ఇచ్చాడు. పెద్దది చేస్తే స్పష్టమవుతుందనుకున్నాను. చుక్కలు పెద్దవయ్యాయి, మనిషి ఇంకా మసకబారాడు.

"జర సూడున్రి చాచా. గీ మనిషి ఎవరు?"

చాచా కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టుకుని, కాగితాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మనిషి గాదు బేటీ, రాయి."

"రాయి కూసుంటదా చాచా? మోకాలు సూడున్రి."

"మూత తీసి ఎంతసేపు ఉంచినవు?"

చెప్పాను.

"గంతసేపు ఏ మనిషి కదలకుంట కూసుంటడు? పెండ్లి ఫోటోకు ఐదు లెక్కవెట్టేసరికి పెండ్లికొడుకు ముక్కు గోక్కుంటడు. కదిలితే పొగ లెక్క వస్తడు, లేకుంటే అసలుకే రాడు. ఇది చక్కగ వచ్చింది. అంటే రాయి. పరేషాన్ గాకు."

ఆ మాట కొంత నచ్చింది. మా ఆయన ఒకచోట కుదురుగా కూర్చోలేడు. టీవీ ముందు కూర్చున్నా కాలు ఊపుతూనే ఉంటాడు. సరే రాయే అనుకుని బయల్దేరాను. రోడ్డు దాటేలోపే మళ్లీ ఆ భుజం కళ్ల ముందుకొచ్చింది.

ఇంటికి వెళ్లాక కాగితం ఆయన చేతికే ఇచ్చేశాను. వేలితో చూపించాను.

ఆయన మంచం మీద కూర్చుని కాగితం వెలుతురుకు పట్టి చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరో," అన్నాడు.

"ఎవరు?"

"నాకేం ఎర్క? నేను గాదు."

"నువ్వని నేననలే గదా."

"నేను గాదంటున్న," అని కాగితం దిండు మీద పెట్టి బయటికి వెళ్లాడు. వ్యాను టైర్లలో గాలి చూసుకున్నాడు. అవి పొద్దున్నే చూసుకున్నవి.

మర్నాడు నేను డ్యూటీకి చెప్పులేసుకుంటుంటే గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేనేనే," అన్నాడు.

"ఏంది?"

"గా ఫోటోల ఉన్నది. నేనే."

చెప్పులు విడిచి లోపలికి వచ్చి కూర్చున్నాను. ఆయన నిలబడే చెప్పాడు. ఆరోజు అంగట్లో పట్టా కట్టి, సరుకు పరిచి, పక్కన గిన్నెలమ్మే ఆయన్ని చూడమని చెప్పి, వ్యాను తిప్పుకుని వెనక్కి వచ్చాడట. రోడ్డు మలుపులో వ్యాను ఆపి, గుట్ట వెనకవైపు నుంచి ఎక్కి, నాకు ఎదురుగా ఒక బండ మీద కూర్చున్నాడట.

"ఎందుకొచ్చినవు?"

"నువ్వు గా గుడ్డల తలకాయ వెట్టి గంటలకొద్ది ఏం జూస్తవో సూద్దామని. నిన్ను అడుగొచ్చు గని, అడిగితే ఎలుగు, నీడ అని ఏందేందో చెప్తవు. నువ్వు సూసేదాని మీదనే పోయి కూసుంటే తెలుస్తది గదా అనుకున్న."

"తెలిసిందా?"

"ఏం తెలుస్తది? రాళ్లు. అందుకని నిన్నే సూసిన." చేతులతో గాలిలో గీసి చూపించాడు. "మూడు చెక్కకాళ్లు, రెండు నీ కాళ్లు, మీద నల్లగుడ్డ. తలకాయ లేదు. నువ్వే అని ఎర్కనే. కని భయమైంది."

"భయమెందుకయ్య?"

"ఎందుకో! గా గుడ్డ కింద నువ్వున్నవా లేవా అనిపిచ్చింది. పిలుద్దామనుకున్న. పిలిస్తే నీ ఫోటో ఖరాబైతదని ఊకున్న."

"మరి నిన్న కాదంటివి?"

"సిగ్గయింది. పోరగాండ్ల లెక్క దొంగతనంగ సూసిన అంటే నవ్వుతవని."

నాకు నవ్వు రాలేదు. ఏడుపూ రాలేదు. ఇన్నిరోజులు పడిన భయం ఒక్కసారిగా దిగిపోయింది. దాని వెనకే ఇంకేదో వచ్చి కూర్చుంది. అంతసేపు నేను సూటిగా ఆయన వైపే చూస్తూ ఆయన్ని చూడలేదన్నమాట. తలకిందులు గుట్ట మీద, తలకిందులుగా మా ఆయన కూర్చుని నన్ను చూస్తుంటే, నేను నడిమి పగులు సరిగ్గా ఉందా లేదా అని చూసుకున్నాను.

"గంతసేపు కదలకుంట కూసున్నవా?" అని మాత్రం అడిగాను.

"కదలలే," అన్నాడు.

అక్కడితో అయిపోవాల్సింది. కానీ నాకు ఆ చోటు చూడాలనిపించింది. తునికాకు కోసే రోజుల్లో, అంగడి లేని ఒక దినం, కెమెరా లేకుండా ఇద్దరం వెళ్లాం. ఫోటో కాగితం నా చేతిలో ఉంది. ఆయన ముందు నడిచాడు. గుట్ట వెనక నుంచి ముళ్లపొదల్లో దూరి, బండలు పట్టుకుని, నేను నాలుగుచోట్ల కూలబడి, చివరికి ఒక వెడల్పాటి బండ మీదికి చేరాం. పక్కన ఒక పొట్టి పాలచెట్టు. అక్కడి నుంచి చూస్తే వాగుకు ఆవల నేను స్టాండు పెట్టే సమతలపు బండ చక్కగా కనిపించింది.

"ఇదే," అన్నాడు.

కాగితం చూశాను. ఫోటోలో మనిషి పక్కన చెట్టు లేదు. తల మీదుగా ఒక పొర ముందుకు పొడుచుకొచ్చి ఉంది. మేమున్న చోట తల మీద ఆకాశమే.

"ఇది గాదయ్య."

"ఇదే అంటే! ఇగో, గిట్ల కూసున్న," అని కూర్చుని చూపించాడు. ఒక మోకాలు పైకి. భుజం జారి. అచ్చం ఫోటోలోలాగే.

"ఫోటోల చెట్టు లేదు."

"నీ ఫిల్ముకు ఎరుపు కనవడదంటివి, ఆకుపచ్చ కూడ కనవడదేమో."

"కనవడ్తది."

ఇలా మేం గొడవపడుతుంటే తునికాకు మూట నెత్తిన పెట్టుకుని ఒకామె వచ్చింది. అవతలి గూడెం ఆమె. మమ్మల్ని చూసి ఆగి, మూట దించి, "ఏంది బాయీ, తప్పిపోయిన్రా?" అంది. కాగితం చూపించాను. తలకిందులుగా పట్టుకుంది. సరిగ్గా తిప్పి ఇచ్చాను. చూడగానే మొహం విప్పారింది.

"ఇగో, మా తమ్ముడు!"

మా ఆయన లేచి నిలబడ్డాడు. "ఏ, మీ తమ్ముడు గాదమ్మా. గది నేను."

"నువ్వా?" ఆమె ఆయన్ని కిందినుంచి పైదాకా చూసింది. "నువ్వు గాడికి ఎట్ల పోతవు? గాడికి మేకలు పోతయి, మా తమ్ముడు పోతడు. మూడోది పోదు." వేలితో ఎడమవైపు, మాకు చాలా దిగువన, గోడ మధ్యలో ఉన్న సన్నటి అంచును చూపించింది. "గదీ జాగ. గొంగడి కప్పుకొని పొద్దంత గట్లనే కూసుంటడు, రాయి లెక్క. మేకలు ఎటువోతున్నయో సోయి ఉండదు."

నేను ఆ అంచు వైపు చూశాను. పైన పొర పొడుచుకొచ్చి ఉంది, చెట్టు లేదు. ఫోటోలోది అదే. మేమున్న బండ ఫోటో ఎడమ అంచుకు కొంచెం అవతల పడుతుంది. గుట్ట మొత్తం వచ్చిందని నేననుకున్న ఫోటోలో ఈ బండ లేదు.

మా ఆయన ఆరోజు వేసుకున్నది మెరూన్ చొక్కా. నా ఫిల్ముకు అది నలుపు. గొంగడీ నలుపే. ఎర్రరాయీ నలుపే. ఏది ఏదో చెప్పడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ భుజం ఒక్కటే ఉంది. అది మా ఆయనది కాకపోతే, పాతికేళ్లుగా నాకు తెలుసనుకున్నది ఏమిటి?

"అయితే నేను ఫోటోల పడలేనా?" అన్నాడు ఆయన.

"పడలే గావచ్చు," అన్నాను.

ఆయన కూర్చున్న బండ మీద అరచేయి ఒకసారి ఆనించి, దిగడం మొదలుపెట్టాడు. దిగేటప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. వెనక నుంచి ఆ ఆడమనిషి కేకేసింది. "బాయీ, మా తమ్ముని ఫోటో నాకియ్యి! సెల్లుల తీస్తనంటే ఉరుకుతడు వాడు, ఒక్కటి లేదు!"

తెచ్చిస్తానని మాటిచ్చాను.

వానలు పడ్డాయి. ఆ యేడు వాగులు పొంగి ఖానాపూర్ దారి చాలా రోజులు సరిగ్గా లేదు. ఈలోపు మా ఇంటి ముందుగదిలో ఆ ఫోటో గోడకెక్కింది. మేకు కొట్టింది మా ఆయనే. ఎవరైనా వస్తే, "గాడ కూసున్నది నేనే," అని వేలు పెట్టి చూపించేవాడు. నేను వంటింట్లో నుంచి వినేదాన్ని. వాళ్లు నన్ను అడిగితే నవ్వి ఊరుకునేదాన్ని. ఆ గూడెపామె మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

పత్తి ఏరే రోజుల్లో ఇంకో కాగితం అచ్చు వేయించి, అద్దం కట్టించి తీసుకెళ్లాం. ఈసారి కెమెరా కూడా తెచ్చుకున్నాను. ఆ అంచును మళ్లీ దగ్గరగా తీస్తే అక్కడ రాయి ఉందో లేదో తేలిపోతుందని నా ఆలోచన. సమతలపు బండ మీద స్టాండు పెట్టి గుడ్డ కప్పుకున్నాను. గాజు మీద గుట్ట కనిపించింది కానీ ఏదో తేడాగా ఉంది. తల బయటికి తీసి మామూలు కళ్లతో చూశాను. ఎడమవైపు కింద గోడ తెల్లగా, పచ్చిగా ఉంది, చెక్కు తీసిన కందగడ్డలాగా. పొడుచుకొచ్చిన పొర లేదు. దాని కింద అంచు లేదు. వాగులో కొత్త బండల కుప్ప పడి ఉంది.

గూడేనికి వెళ్లి అడిగితే ఆమె తాపీగా చెప్పింది. "వానలకు కూలింది బాయీ. పెద్ద సప్పుడైంది. మేకలు రెండు దినాలు మేత ముట్టలే."

తమ్ముడు ఇంట్లోనే ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, బక్కపలుచటి మనిషి. లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. నేను అతని భుజాల వైపే చూశాను. రెండూ సమానంగానే ఉన్నట్టున్నాయి. గొంగడి కప్పుకుంటే ఎలా ఉంటాయో తెలియదు. ఫోటో చేతికిచ్చాను. గుమ్మం దగ్గరికి తెచ్చి, వెలుతురులో పట్టుకుని చూశాడు.

"నేను గాదక్కా," అన్నాడు.

"నువ్వే రా," అంది ఆమె.

"నాకు ఈ జాగ ఎర్కనే. ఈడ కూసుంటే ఎండ పడదు, కూసుంటుంటి. కని గిట్ల అంచుకు కూసోను. ఎనుకకు జరిగి, ఒరిగి కూసుంట. ఇదెవరో..." అని మొహమాటంగా మా వైపు చూసి, "రాయి గావచ్చు," అన్నాడు.

"రాయి ఉంటుండెనా ఆడ?" అని అడిగాను.

అతను ఫోటోను మళ్లీ వెలుతురుకు తిప్పి చూశాడు. "ఉంటుండె గావచ్చు. యాదికొస్తలేదు."

"నోర్మూయ్. వాళ్లు అంత దూరంకెళ్లి అద్దం కట్టిచ్చి తెస్తే రాయంట," అని ఆమె ఫోటో లాక్కుంది. దూలానికి ఉన్న మేకుకు తగిలించి, వెనక్కి జరిగి తృప్తిగా చూసుకుంది. మాకు బెల్లం వేసిన చాయ్ పోసింది. మా ఆయన దూలానికున్న ఫోటో వైపూ, ఆ తమ్ముడి వైపూ మార్చి మార్చి చూస్తూ తాగాడు. అతనూ ఆయన వైపు అలాగే చూశాడు. ఇద్దరిలో ఎవరికీ కోపం లేదు. చివరికి మా ఆయన వ్యానులోంచి రెండు కొత్త తువ్వాళ్లు తెచ్చి అతనికిచ్చాడు. అతను వాటిని ఒళ్లో పెట్టుకుని నిమిరాడు.

చాచాకు ఈ సంగతంతా చెప్పాను. అంతా విని, "గుట్ట గూడ కదిలిందా?" అని నోరు తెరిచాడు. రాయి అన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

గూడేనికి వెళ్లిన ఆరోజు తిరుగు దారిలో జన్నారం దగ్గర మా ఆయన వ్యాను ఆపాడు. మిరపకాయ బజ్జీలు కట్టించుకొచ్చి, స్టీరింగు ముందు కాగితం విప్పి నా వైపు జరిపాడు.

"అయితే ఎవరే అది?" అన్నాడు.

"నాకు తెల్వదయ్య."

ఒక బజ్జీ తుంచి, చల్లారేదాకా ఊదుతూ కూర్చున్నాడు. కాలు ఊగుతూనే ఉంది. "ఫోటోల ఎవరన్న ఉండనీ," అన్నాడు. "నేనైతే ఆడ ఉంటి. నిన్ను సూసిన. గది అబద్ధం గాదు."

"గాదు. ఉన్నవు," అన్నాను.

బజ్జీలో కారం ఎక్కువైంది. ఇద్దరం ఒకే సీసాలో నీళ్లు తాగి, మంచిర్యాల వైపు బయల్దేరాం.